షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? గింబల్ పక్కన పెట్టి ముందు వైరున్న మైక్ కొనండి

నా మాట ముందే చెప్పేస్తా. మీరు మొదటి షార్ట్ ఫిల్మ్ తీయబోతుంటే, ఆడియో కోసం జేబులో రెండు వేలే ఉంటే, రీల్స్ వాళ్లు చొక్కాకి తగిలించుకునే వైర్‌లెస్ మైక్ జోలికి వెళ్లొద్దు. షాట్‌గన్ మైక్ కోసం అప్పు చేయొద్దు. వెయ్యి లోపు దొరికే వైరున్న కాలర్ మైక్ ఒకటి, ఇంట్లో ఏ అల్మారాలోనో పడి ఉన్న పాత ఫోన్ ఒకటి. మొదటి సినిమాకి ఈ రెండూ చాలు. "ఈ రోజుల్లో వైరేంది భయ్యా" అనే వాళ్లు కాస్త ఓపిక పట్టండి, లెక్కతో సహా చెప్తా.

కెమెరా విషయంలో మనకి తెలియంది లేదు. సెన్సర్ సైజు, ఓఐఎస్, 4కే 60 ఎఫ్‌పీఎస్, లాగ్ ప్రొఫైల్... నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అదే మైక్ అనగానే "నాయిస్ క్యాన్సిలేషన్ ఉందా?" అనే ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతాం. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి' గుర్తుందా? ఆటో నడిపే వీరబాబుకి బండిలో ఖరీదైన కెమెరా దొరుకుతుంది, అంతే, సినిమా తీసేద్దామని బయల్దేరతాడు. మనందరి కథా అదే. కెమెరా చేతికొస్తే సినిమా మొదలైపోయినట్టే. అదే ఆటోలో ఎవరైనా మైక్ మర్చిపోయి ఉంటే అసలు కథే ఉండేది కాదు.

ఇంకో సమస్య రివ్యూలది. మైక్ రివ్యూ అంటే ఏం చేస్తారు? ఫోమ్ ప్యానెళ్లు కొట్టిన గదిలో కూర్చుని, మైక్‌ని నోటికి జానెడు దూరంలో పెట్టుకుని, "ఇది ఏ మైక్, ఇది బీ మైక్, మీకు తేడా తెలుస్తోందా ఫ్రెండ్స్" అంటారు. అది వాయిస్ ఓవర్ టెస్ట్. యూట్యూబ్ ఛానెల్ పెట్టుకునే వాళ్లకి పనికొస్తుంది. సినిమాలో మనిషి నడుస్తాడు, తల తిప్పుతాడు, గుసగుసలాడతాడు, వెంటనే అరుస్తాడు. మైక్ ఫ్రేమ్‌లో కనపడకూడదు. ఈ పరిస్థితిలో ఆ మైక్ ఎలా ఉంటుందో ఏ రివ్యూలోనూ ఉండదు. మన సైట్‌లో వచ్చేవి కూడా ఇందుకు మినహాయింపు కాదు (ఎడిటర్ గారు ఈ లైన్ ఉంచుతారనే నమ్మకం).

మా కిషన్‌బాగ్‌లో ఒక ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడండి. ఒకవైపు బహదూర్‌పురా, జూపార్క్ రోడ్డు. ఇంకోవైపు అత్తాపూర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. మధ్యలో అన్నీ గల్లీలు. ఆటోలు, సైలెన్సర్ మార్పించిన బైకులు, ఎవరింట్లోనో బోరు మోటార్, రికార్డు చేసిన కేక స్పీకర్‌లో వేసుకుని తిరిగే పాత సామాన్ల బండి, పెళ్లి సీజన్ అయితే మర్ఫా. గోడకి గోడ ఆనుకుని ఉండే ఇళ్లు కాబట్టి మీ సీన్‌లో అమ్మ పాత్ర ఏడుస్తుంటే పక్కింటి మిక్సీ కూడా యాక్ట్ చేస్తుంది. గదిలో ఏముంటాయి? సిమెంటు గోడలు, టైల్స్, ఇనుప బీరువా. ఒక్క చప్పట్లు కొట్టండి, గది తిరిగి కొడుతుంది. పాతబస్తీలోనే కాదు, వరంగల్ హనుమకొండలో అయినా, విజయవాడ వన్‌టౌన్‌లో అయినా బడ్జెట్ లేకుండా సినిమా తీసే కుర్రాళ్ల లొకేషన్ ఇలాగే ఉంటుంది. ఇంట్లోనో, ఫ్రెండ్ వాళ్ల డాబా మీదో తీస్తాం కానీ స్టూడియోలో తీయం కదా.

లెక్క అంతా దూరంలోనే ఉంది

మైక్ ధర కన్నా, బ్రాండ్ కన్నా, నోటికి మైక్‌కి మధ్య ఎంత దూరం అన్నదే ముఖ్యం. ఇది అభిప్రాయం కాదు, ఫిజిక్స్. అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ గొంతు స్థాయి 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఛాతీ మీద పెట్టిన కాలర్ మైక్ నోటికి సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ట్రైపాడ్ మీద ఉన్న ఫోన్ 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అంటే పది రెట్లు. గొంతు 20 డెసిబెల్స్ తగ్గిపోతుంది. గల్లీ లొల్లి మాత్రం తగ్గదు, ఎందుకంటే అది గది నిండా ఉంటుంది, మైక్ ఇక్కడ పెట్టినా అక్కడ పెట్టినా దాదాపు అంతే.

"అందుకే కదా షాట్‌గన్, అది ఎదురుగా ఉన్నదే వింటుంది" అంటారా? కొంత నిజం. కానీ ఎంత? అన్ని వైపుల నుంచీ వచ్చే శబ్దాన్ని సూపర్ కార్డియాయిడ్ రకం మైక్ తగ్గించేది సుమారు 6 డెసిబెల్స్. పొడవాటి గొట్టం ఉన్న షాట్‌గన్ అయితే పై ఫ్రీక్వెన్సీల్లో ఇంకాస్త ఎక్కువ. అంటే 2 మీటర్ల దూరంలో కెమెరా మీద పెట్టినప్పుడు దిశ వల్ల ఆరేడు వస్తాయి, దూరం వల్ల ఇరవై పోతాయి. ప్రపంచమంతా సినిమా వాళ్లు వాడే సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 ధర లక్షకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాన్ని కెమెరా మీద 2 మీటర్ల దూరంలో పెట్టి, వెయ్యి రూపాయల కాలర్ మైక్‌ని ఛాతీ మీద పెట్టి మా గల్లీలో ఒకే డైలాగ్ చెప్పిస్తే, మాట అర్థమయ్యేది కాలర్ మైక్‌లోనే. టోన్ 416ది బాగుంటుంది, ఒప్పుకుంటా. కాకపోతే ఆ అందమైన టోన్‌లో ఆటో హారన్ కూడా అంతే అందంగా వినిపిస్తుంది.

అందుకే ప్రొఫెషనల్ సౌండ్ రికార్డిస్టులు 416ని కెమెరా మీద పెట్టరు. బూమ్ కర్రకి కట్టి, ఫ్రేమ్ పై అంచు దాకా దించి, నటుడి తల మీద మూరెడు దూరంలో పట్టుకుంటారు. వాళ్ల ఖరీదైన మైక్ పనితనంలో సగం ఆ కర్రదే. ఆ సగాన్ని మనం రివ్యూల్లో ఎప్పుడూ చూడం, ఎందుకంటే కర్రకి స్పెక్ షీట్ ఉండదు.

వెయ్యి లోపు ఏం కొనాలి

నా ఓటు బోయా బీవై-ఎం1కి. కొత్త మైక్ కాదు, మెరిసే మైక్ కాదు, చాలా ఏళ్లుగా అందరి దగ్గరా ఉన్నదే. 6 మీటర్ల వైరు, అన్ని వైపులా వినే రకం క్యాప్సూల్, 3.5 ఎంఎం జాక్, మధ్యలో చిన్న డబ్బా. ఆ డబ్బాలో ఎల్ఆర్44 బటన్ సెల్ పడుతుంది, ఫోన్‌కా కెమెరాకా అని ఎంచుకునే స్విచ్ ఉంటుంది. ఫోన్‌తో వాడేటప్పుడు సెల్ అక్కర్లేదు. కెమెరా వైపు పెట్టి మర్చిపోతే సెల్ అయిపోతుంది, షూట్ రోజు పొద్దున కిరాణా షాపుల వెంట తిరగాల్సి వస్తుంది. రెండు సెల్స్ ఎక్స్‌ట్రా జేబులో వేసుకోండి. ఆరు మీటర్ల వైరు మొదట చిరాకు అనిపిస్తుంది. దాన్ని చుట్టి నటుడి వెనక జేబులో, ఫోన్‌తో పాటు పెట్టేయండి.

అసలు ట్రిక్ ఇక్కడే ఉంది. మైక్‌ని షూట్ చేస్తున్న ఫోన్‌కి గుచ్చొద్దు. పాత ఫోన్‌కి గుచ్చి, అది నటుడి జేబులో పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి వదిలేయండి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది వైర్‌లెస్ మైకే, రేడియో సిగ్నల్ లేకుండా. నటుడు మెట్లు దిగినా, గల్లీ చివరికి నడిచినా, బండెక్కి వెళ్లిపోయినా ఆడియో కట్ అవ్వదు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండటం తప్పనిసరి. కాల్ వస్తే టేక్ పోతుంది. పైగా ఫోన్ 2జీలోకి పడితే వైరులోకి ఆ 'టడ టడ టడ' శబ్దం కూడా ఎక్కుతుంది. షాట్ మొదట్లో కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండు ఫైళ్లూ కలపొచ్చు. డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ అయితే వేవ్‌ఫామ్ చూసి తనే కలిపేస్తుంది. రెండు ఫోన్ల గడియారాలు కచ్చితంగా ఒకేలా నడవవు కాబట్టి పది నిమిషాల టేక్‌లో చివరికొచ్చేసరికి పెదవులకీ మాటకీ తేడా కనిపించొచ్చు. రెండు మూడు నిమిషాల టేకులకి ఆ బెంగ లేదు.

ఇక్కడ కోడ్ రాసేవాడిగా ఒక్క మాట. ఆండ్రాయిడ్‌లో యాప్ మైక్‌ని తెరిచేటప్పుడు ఏ 'ఆడియో సోర్స్' కావాలో అడుగుతుంది. కాల్స్ కోసం ఒకటి, వీడియో కోసం ఒకటి, ఇలా. చాలా రికార్డర్ యాప్‌లు వాడే మామూలు సోర్స్‌లో ఫోన్ తనంతట తానే గొంతు పెంచడం, శబ్దం తగ్గించడం లాంటివి చేస్తుంది. దాన్నే ఆటో గెయిన్ అంటాం. మాట ఆగగానే ఫ్యాన్ శబ్దం పైకి లేచి, మళ్లీ మాట మొదలవగానే కిందికి పోతుంటే అది దాని పనే. ఆండ్రాయిడ్ 7 నుంచి 'అన్‌ప్రాసెస్డ్' అనే సోర్స్ ఉంది. హార్డ్‌వేర్ సపోర్ట్ చేసే ఫోన్లలో ఏ మసాలా కలపని ముడి ఆడియో ఇస్తుంది. కాబట్టి రికార్డర్ యాప్ సెట్టింగ్స్‌లో ఆటో గెయిన్ ఆఫ్, నాయిస్ సప్రెషన్ ఆఫ్, ఫార్మాట్ డబ్ల్యూఏవీ, శాంప్లింగ్ 48 కిలోహెర్ట్జ్... ఈ నాలుగూ దొరికే యాప్ పట్టుకోండి. నేరుగా షూట్ చేసే ఫోన్‌లోనే రికార్డ్ చేయక తప్పకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వాడండి. ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ ఉచితమే, ఆడియో మీటర్ తెర మీదే కనిపిస్తుంది. మామూలు మాటకి మీటర్ మైనస్ 12 దగ్గర ఊగాలి. అరిచే సీన్ అయితే ముందే తగ్గించి పెట్టుకోండి.

జాక్ గురించి చెప్పకపోతే కోఠి దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తారు. 3.5 ఎంఎం పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలుంటే ఫోన్ పిన్, రెండు గీతలుంటే కెమెరా పిన్. రెండు గీతల మైక్‌ని ఫోన్‌కి గుచ్చితే ఫోన్ దాన్ని హెడ్‌ఫోన్ అనుకుని తన సొంత మైక్‌తోనే రికార్డ్ చేస్తుంది. మీకు డౌట్ కూడా రాదు, ఎందుకంటే ఏదో ఒక ఆడియో వస్తూనే ఉంటుంది. మైక్ పని చేస్తోందా లేదా అన్నది తేల్చుకోవాలంటే రికార్డింగ్ ఆన్ చేసి మైక్ తల మీద గోరుతో గీకండి, గరగర వినిపిస్తే సరే. జాక్ లేని ఫోన్ అయితే టైప్-సీ కన్వర్టర్ కావాలి. అందులో మైక్ ఇన్‌పుట్ ఉన్నది, లోపల డాక్ చిప్ ఉన్నది అడగండి. కొన్ని కన్వర్టర్లు పాటలు వినడానికే పనికొస్తాయి. గుజరాతీ గల్లీలో "భయ్యా, మైక్ చలేగా క్యా ఇస్‌మే?" అని అడిగి, అక్కడే మీ ఫోన్‌లో పెట్టి రికార్డ్ చేసి చూసి, తర్వాతే డబ్బులివ్వండి. ఆన్‌లైన్‌లో ఈ సౌకర్యం లేదు.

కాలర్ మైక్‌కి ఉన్న అసలు శత్రువు బట్ట. గంజి పెట్టిన కాటన్, జరీ చీర, నైలాన్ దుపట్టా మూడూ గరగరలాడతాయి. మెడికల్ షాపులో దొరికే పేపర్ టేప్ కొనండి. మైక్‌కి రెండు వైపులా టేప్ మడిచి, బట్టకీ ఒంటికీ మధ్య కదలకుండా అతికించండి. మైక్ కింద వైరుని చిన్న చుట్టు చుట్టి దాన్ని కూడా టేప్ చేయండి, వైరు లాగినప్పుడు ఆ కుదుపు మైక్ దాకా రాదు. బురఖా వేసుకున్న పాత్ర అయితే లోపల పెట్టే కన్నా తల దగ్గర పిన్ పెట్టే చోట దాచడం మేలు, అక్కడ బట్ట మీద బట్ట రాసుకోదు. ఆడవాళ్లకి మైక్ పెట్టే పని టీమ్‌లో ఉన్న అమ్మాయికే ఇవ్వండి, లేదా ఎలా పెట్టుకోవాలో చెప్పి వాళ్లనే పెట్టుకోనివ్వండి. ఇది కూడా సౌండ్ డిపార్ట్‌మెంట్ పనే.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది, దాచను. ఫోన్ నటుడి జేబులో ఉంటుంది కాబట్టి టేక్ జరుగుతుండగా మీరు వినలేరు. ప్రతి టేక్ తర్వాత ఫోన్ తీసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాల్సిందే. టైమ్ పడుతుంది. అందరూ "చాలు పదరా" అంటారు. వినండి.

వైర్‌లెస్ ఎందుకు వద్దంటున్నా

వైర్‌లెస్ అంటే చెత్త అని నేను అనట్లేదు. ఐదారు వందలకి దొరికే టైప్-సీ రీల్స్ మైకుల గురించే నా గొడవ. ఆ ధరలో వచ్చే వాటిలో నాయిస్ రిడక్షన్ ఎప్పుడూ ఎంతో కొంత నడుస్తూనే ఉంటుంది, దాని వల్ల మాటల చివర్లు నీళ్లలో మునిగినట్టు అయిపోతాయి. ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఇంటింటికీ వైఫై ఉన్న గల్లీలో అదే దారి మీద ఎంత ట్రాఫిక్ ఉంటుందో మీకు తెలుసు. పైగా మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. 2.4 గిగాహెర్ట్జ్‌ని నీళ్లు బాగా పీల్చుకుంటాయి. నటుడు కెమెరాకి వీపు చూపించగానే మాట తెగిపోవడానికి కారణం అదే. తెగిన మాట మళ్లీ రాదు.

బడ్జెట్ ఉండి వైర్‌లెస్సే కావాలంటే ఒక్క ఫీచర్ చూడండి: ట్రాన్స్‌మిటర్ లోపలే రికార్డింగ్ ఉందా? రోడ్ వైర్‌లెస్ గో 2లో ఉంది, డీజేఐ మైక్ 2లో ఉంది. సిగ్నల్ తెగినా లోపలి ఫైల్ మిగులుతుంది. అదే డీజేఐ మైక్ మినీ, హాలీల్యాండ్ లార్క్ ఎం2 లాంటి చిన్న మోడల్స్‌లో లేదు. వ్లాగ్‌కి అవి బ్రహ్మాండం, సినిమాకి మాత్రం ఆ లోటు పెద్దదే. ఒక్క రోజు షూట్‌కి కొనడం కన్నా కృష్ణానగర్ వైపు అద్దెకి తెచ్చుకోవడం తెలివైన పని.

రెండో ఖర్చు: కర్ర

ముగ్గురు మాట్లాడే సీన్ వచ్చిందంటే కాలర్ మైకులు సరిపోవు, ముగ్గురికి మూడు పాత ఫోన్లు ఎక్కడ తెస్తాం? అప్పుడు కెమెరా మీద పెట్టే చిన్న మైక్ ఒకటి కొని, దాన్ని కెమెరా మీద పెట్టకుండా కర్రకి కట్టండి. బోయా బీవై-ఎంఎం1 రెండు వేలకి అటూ ఇటూ. ఇంకొంచెం పెట్టగలిగితే రోడ్ వీడియోమైక్రో. పెయింటర్లు వాడే పొడుగ్గా లాగే రోలర్ కర్ర ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. మంచి ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి. కర్రకి వైరు టేప్‌తో బిగించేయాలి, లేకపోతే అది కర్రని కొడుతూనే ఉంటుంది. పట్టుకునే మనిషికి పనిలేదు కదా అని ఎవర్ని పడితే వాళ్లని పెట్టకండి. సీన్ మొత్తం డైలాగులు వచ్చినవాడే సరైన సమయానికి మైక్ తిప్పగలడు. మా దగ్గర ఆ పనికి బాగా పనికొచ్చేది క్రికెట్‌లో అంపైరింగ్ చేసే రకం కుర్రాడు: ఓపిక ఎక్కువ, కదలికలు తక్కువ.

పొడవాటి షాట్‌గన్ ఇంట్లో ఎందుకు వద్దో కూడా చెప్పాలి. ఆ గొట్టం పక్కల చీలికల నుంచి వచ్చే శబ్దాన్ని, ముందు నుంచి వచ్చే శబ్దంతో కలిపి ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా చేస్తుంది. బయట అది బాగా పనిచేస్తుంది. చిన్న గదిలో మాత్రం మాట గోడలకి కొట్టుకుని అన్ని పక్కల నుంచీ గొట్టంలోకి వస్తుంది, దాంతో గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు తయారవుతుంది. గొట్టం లేని చిన్న కార్డియాయిడ్ మైకే మన గదులకి నయం. గదికి మందు కూడా మన దగ్గరే ఉంది: బొంతలు, రజాయిలు, పరుపులు. ఫ్రేమ్‌లో పడని గోడలకి ఆనించండి, కింద టైల్స్ మీద పరచండి. వెయ్యి రూపాయల మైక్‌కీ ఐదు వేల మైక్‌కీ మధ్య ఉండే తేడా కన్నా నాలుగు రజాయిలు తెచ్చే తేడా ఎక్కువ.

"తర్వాత క్లీన్ చేద్దాంలే", "డబ్బింగ్ చెప్పిద్దాంలే"

32-బిట్ ఫ్లోట్ రికార్డర్లు ఇప్పుడు చౌకయ్యాయి. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటివి చేతికందే ధరలోకి వచ్చాయి. గెయిన్ సెట్ చేయడం మర్చిపోయినా, నటుడు ఉన్నట్టుండి అరిచినా ఫైల్ పగలదు. మంచిదే. కానీ అది లొల్లిని తీసేయదు. దూరంగా పెట్టిన మైక్‌ని దగ్గరికి తేదు. ఆటో హారన్‌ని కూడా 32 బిట్లలో పదిలంగా దాచి ఇస్తుంది, అంతే.

ఏఐ క్లీనింగ్ టూల్స్ గురించి నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. మాట, శబ్దం కలిసిపోయిన చోట ఆ టూల్ ఊహించి నింపుతుంది. ఊహించాలంటే మాట ఎలా ఉండాలో దానికి ఒక అంచనా ఉండాలి. మా గల్లీ మాట ఆ అంచనాకి దొరకదు. పాతబస్తీ దక్కనీలో 'క' పలకాల్సిన చాలా చోట్ల గొంతులోంచి గరగరలాడే 'ఖ' వస్తుంది. 'కరీబ్' కాస్తా 'ఖరీబ్' అవుతుంది. ఆ గరగర, ఊదినట్టుండే 'హ', 'స', 'శ'... ఇవన్నీ సాంకేతికంగా చూస్తే నాయిస్ లాంటివే. టూల్ ముందు గీకేసేది వాటినే. నేను ఇలా శుభ్రం చేసిన ఒక క్లిప్ విన్నప్పుడు మా చాచా గొంతు వార్తలు చదివేవాడి గొంతులా అయిపోయింది. మాటలు అర్థమయ్యాయి, మనిషి పోయాడు.

ఇక డబ్బింగ్. తెలుగు సినిమా దశాబ్దాలుగా దాని మీదే నడిచింది, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఆ అలవాటు ఎలా వచ్చిందో గుర్తుపెట్టుకోండి. అవుట్‌డోర్ షూటింగులకి వాడిన తేలికపాటి ఆరీ కెమెరాలు కుట్టు మిషన్‌లా మోత పెట్టేవి, ఆ మోతలో మాట రికార్డ్ చేయడం కుదిరేది కాదు. మీ చేతిలో ఉన్న ఫోన్ చప్పుడు చేయదు. అప్పటి కారణం పోయింది, అలవాటు మిగిలింది. 2001లో 'లగాన్' సింక్ సౌండ్‌తో వచ్చింది. తెలుగులో 2016లో 'పెళ్లి చూపులు', 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' అదే దారిలో వచ్చాయి. కంచరపాలెంలో నటించిన వాళ్లలో ఎక్కువమంది ఆ పేట జనమే, కెమెరా ముందు కొత్తవాళ్లు. అలాంటి వాళ్లని స్టూడియోలో నిలబెట్టి, తెర మీద తమ పెదవులు చూస్తూ అదే ఏడుపు మళ్లీ ఏడవమంటే వస్తుందా?

మనకి దొరికే నటులూ వాళ్లే కదా. అమ్మ, పక్కింటి ఖాలా, ఆటో నడిపే అన్న, టీ కొట్టు యజమాని. మా కిషన్‌బాగ్‌లో ఒకే వాక్యంలో తెలుగు మొదలై దక్కనీలో ముగుస్తుంది, మధ్యలో ఒక ఇంగ్లిష్ ముక్క పడుతుంది. ఎవరితో మాట్లాడుతున్నారన్న దాన్నిబట్టి గొంతే మారిపోతుంది. డబ్బింగ్ ఆర్టిస్ట్‌తో దీన్ని చెప్పిస్తే ఏమవుతుందో మన సినిమాల్లో చూస్తూనే ఉన్నాం: 'నక్కో', 'హౌ' అని రెండు ముక్కలు తగిలించి పాతబస్తీ క్యారెక్టర్ అనిపిస్తారు. 'ది అంగ్రేజ్' వచ్చినప్పుడు చార్మినార్ దగ్గర కూర్చుని ముచ్చట్లు పెట్టే ఇస్మాయిల్ భాయ్ గ్యాంగ్‌ని జనం నెత్తిన పెట్టుకున్నారంటే కారణం బడ్జెట్ కాదు, ఆ మాట. ఇక్కడి కుర్రాళ్లు ఫోన్లతో తీస్తున్న సినిమాల్లో ఆ మాటే వినపడకుండా పోతోంది, పైన బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పోసి కప్పేస్తున్నారు. పన్నెండు వేల గింబల్ ఉంది, వెయ్యి రూపాయల మైక్ లేదు. నా కోపం అంతా ఇక్కడే.

షూటింగ్ టైమ్ విషయానికొస్తే, ఇది కొత్త తలనొప్పి కాదు. 1931లో 'ఆలం ఆరా' తీసినప్పుడు స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో రైళ్లు ఆగాక, అర్ధరాత్రి దాటాక షూటింగ్ చేశారు. మైకులు నటుల చుట్టుపక్కల దాచిపెట్టారు. మనమూ అదే చేయొచ్చు. మా దగ్గర రాత్రి ఒంటిగంట నుంచి ఫజర్ అజాన్ ముందు దాకా గల్లీ ప్రశాంతంగా ఉంటుంది, రంజాన్ నెలలో తప్ప. అప్పుడు సహరీ దాకా ఊరంతా మేలుకునే ఉంటుంది కాబట్టి ఆ నెలలో ఇండోర్ సీన్లు మధ్యాహ్నం పెట్టుకోండి. జూపార్క్‌కి సోమవారం సెలవు, ఆ రోజు బహదూర్‌పురా రోడ్డు మీద రద్దీ కాస్త తగ్గుతుంది. అజాన్ వేళలు ముందే రాసుకుని, ఆ టైమ్‌లో టీ బ్రేక్ ఇవ్వండి. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం అందులో పెట్టండి, సౌండ్ వాళ్ల పాత చిట్కా ఇది. ఇంటికి వెళ్లేటప్పుడు తాళం కోసం తెరుస్తారు, స్విచ్ వేయడం గుర్తొస్తుంది, ఆంటీ పాలు విరగవు.

ప్యాకప్ చెప్పేముందు అందర్నీ ఎక్కడివాళ్లని అక్కడే నిలబెట్టి, ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం ఆ గదిని రికార్డ్ చేయండి. ఫైల్ పేరు 'ఖాళీ గది, సీన్ 4' అని పెట్టుకోండి. ఎడిటింగ్‌లో డైలాగుకీ డైలాగుకీ మధ్య కోసినప్పుడల్లా సందులో పరచడానికి అదే కావాలి.